గడప దాటని ఉప్పు

ఎవరికీ ఖర్చు కాని వస్తువులే రాయాలని ముందే అనుకున్నాను. మా వీధిలో కలిగినవాళ్లు ఎవరూ లేరు. పిల్లలు గుమ్మంలో నిలబడి అడిగితే, ఇవ్వడానికి క్షణం కూడా ఆలోచించనక్కర్లేనివి కావాలి. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఐదు ఖాయం చేశాను. చిటికెడు కళ్లుప్పు. ఎర్రదారం ఎక్కించిన సూది. చెంచాడు పెరుగు తోడు. ఒక చీపురు పుల్ల. ఒక ఎండుమిరపకాయ.

చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఏ ఇంట్లోనైనా ఉండేవే, ఎవరికీ భారం కానివే.

ఆట పేరు ట్రెజర్ హంట్. మా చర్చిలో సెలవుల బైబిలు బడికి నంద్యాల నుంచి వచ్చిన టీచర్లు పిల్లల చేత ఆడించారు. వస్తువుల పేర్లు రాసి చీటీ ఇస్తారు, పిల్లలు పరుగెత్తి వెతికి తెస్తారు. నేను దానికి రెండు నియమాలు చేర్చాను. ప్రతి వస్తువునూ వేరే వేరే ఇంట్లో నోరు తెరిచి అడిగి తేవాలి. సొంత ఇంట్లోంచి మాత్రం తేకూడదు.

వీధిలో పిల్లలందరికీ ఆట అని చెప్పాను. నిజానికి అది ఒక్క పిల్ల కోసం.

ఆరాధన నా కూతురి కూతురు. నాలుగో తరగతి అయిపోయింది. కరోనా రెండోసారి వచ్చిన ఏడాది మా ఇంట్లోంచి ఇద్దరు ఒకే నెలలో పోయారు, నా భార్య కృపమణి, కూతురు సుజన. అప్పటి నుంచి పిల్ల నా దగ్గరే ఉంది. అల్లుడు లేవి కడపలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అతన్ని తప్పు పట్టను. చిన్నవాడు, ఒంటరిగా ఎన్నాళ్లు ఉంటాడు. పిల్ల మాత్రం బయటివాళ్లతో మాట్లాడటం మానేసింది. బడిలో పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. నాతో మాట్లాడుతుంది. అదే నాకు చాలనుకుంటూ వచ్చాను.

ఇప్పుడు చాలదు. నా గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. కర్నూలు ఆసుపత్రిలో సోమవారం చేరాలి. ఇక ఆలస్యం చేయొద్దని డాక్టరు కాగితాల మీద నుంచి తలెత్తి మరీ చెప్పాడు. వెంట ఉండడానికి మా సంఘంలో ఏసుబాబు అనే కుర్రాడు ఒప్పుకున్నాడు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక, నేను అడగకముందే, తనే వచ్చి "నేనుంటా అన్నా" అన్నాడు. నేనింకా దాన్ని తలుచుకుంటూనే ఉన్నాను. కానీ పిల్ల ఎవరి దగ్గర ఉండాలి?

పాస్టరుగారింట్లో ఒక పగలు ఉంచి చూశాను. చెప్పులు విప్పకుండా మెట్టు మీద కూర్చుని, నేను వచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదట. అంతకుముందు లేవి కడపలో హాస్టల్లో వేస్తే అన్నం మానేసింది. వెళ్లి తెచ్చుకున్నప్పుడు బస్సులో నా ఒళ్లో పడుకుంటే ఎముకలు గుచ్చుకున్నాయి.

మొన్న లేవి ఫోన్ చేశాడు.

"మామా, ఆదివారం వస్తాండా. బట్టలు సర్దిపెట్టు. హాస్టలు వార్డెనమ్మతో మాట్లాడినా."

"ఒకసారి చూశాం కదా నాయనా."

"అప్పుడు శానా చిన్నది. ఇప్పుడు కొంచెం ఎదిగింది గదా. ఇంగ యాడ పెడతావు, చెప్పు. నీకాడ ఎవురుండారు?"

"ఆదివారం లోపల ఒక ఇల్లు చూస్తాను లేవీ."

"అద్దెకు ఇల్లు చూసినట్టు చెప్తాండావు మామా," అన్నాడు. మళ్లీ తనే, "నా ఇంట్లో పెట్టుకుందామంటే..." అని ఆపేశాడు. నేను కూడా ఆ మాట పూర్తి చేయమని అడగలేదు.

కల్లూరులో ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. వీధిలో అందరినీ చూస్తే నవ్వుతాను, వాళ్లూ నవ్వుతారు. అంతకు మించిన పరిచయం నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరసే. పిల్లను పెట్టుకుంటారా అని అడుగుదామని ఎదురింటి శశికళ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, ట్యాంకరు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగి తిరిగొచ్చాను. నేను భూగర్భ జలాల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని. బోరులోకి టేపు వదిలితే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలిసిపోతుంది. గుమ్మం ముందు నిలబడితే ఆ లోపల ఏముందో కొలిచే టేపు నా దగ్గర లేదు.

పైగా ఒక ఇల్లు ఒప్పుకుంటే సరిపోదు, పిల్ల కూడా ఒప్పుకోవాలి. ఆమె ఎవరి ముందైనా భుజాలు పైకి ముడుచుకుని నిలబడుతుంది, చలిలో నిలబడ్డట్టు. ఏ గుమ్మం దగ్గర ఆ భుజాలు కిందికి దిగుతాయో చూడాలి. ఆ ఇంటివాళ్ల కాళ్లు పట్టుకోవాలి. అందుకే ఆట.

గురువారం మధ్యాహ్నం పిల్లల్ని మా వసారాలో కూర్చోబెట్టి చీటీలు పంచాను. శశికళ కొడుకు కేశవ వాళ్లకు నాయకుడు. పక్కింటి ఖాజాబీ మనవరాలు షబీనా ఉంది. ఇంకో నలుగురు చిన్నవాళ్లు. ఆరాధన తలుపు వెనక నిలబడి వింటోంది.

"ప్రైజేంది సారూ?" అన్నాడు కేశవ.

"రంగుల పెట్టె. పెద్దది."

"ఇంతమందికి ఒక్కటేనా? కొట్లాటే సారూ."

"మిగిలినవాళ్లకు మజ్జిగ."

"మజ్జిగ మా ఇంట్లోనే ఉండాది," అంది షబీనా. "దానికి ఇంత పరుగెందుకు?"

కేశవ చీటీ చదువుకుని, తలుపు వైపు చూశాడు. "ఆరాధన గూడా ఆడతాదా? నోరు తెరిచి అడగల్ల అని రాసినారే. ఆయమ్మి నోరు యాడ తెరుస్తాది?"

పిల్లలు నవ్వారు. దురుద్దేశంతో కాదు. తలుపు వెనక నీడ కదల్లేదు.

వాళ్లు వెళ్లాక ఆరాధన బయటికి వచ్చి అడిగింది. "అడక్కపోతే ఓడిపోయినట్టా తాతా?"

"అవునమ్మా."

"ఇయ్యకపోతే?"

"ఇస్తారు. ఇయ్యనివేవీ రాయలేదు."

ఏ రోజు ఆడించాలన్నది కూడా ఆలోచించే పెట్టాను. మే నెల ఎండకు పగలు పిల్లల్ని వీధిలోకి పంపలేం, తారురోడ్డుకు చెప్పులు అంటుకుపోతున్నాయి. శనివారం ట్యాంకరు వస్తుంది, అందరూ బిందెల దగ్గరే ఉంటారు. ఆదివారం లేవి వస్తాడు. మిగిలింది శుక్రవారం సాయంత్రం. పొద్దు వాలాక, ఇంట్లో అందరూ ఉండే వేళ, దీపాలు వెలిగించే సమయం. అంతకంటే మంచి ముహూర్తం ఉండదనుకున్నాను.

శుక్రవారం వేడిగాలి త్వరగానే ఆగింది. అది కూడా ఒక దయే అనుకుని, మా మెట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. పిల్లలు చీటీలు పట్టుకుని చెల్లాచెదురయ్యారు. ఆరాధన అందరి తర్వాత, ఎవరూ లేని వైపు నడిచింది.

మొదట తిరిగొచ్చింది కేశవ. "ఇయ్యరంట సారూ."

"ఏం అడిగావు?"

"ఉప్పు. ఖాజాబీ అవ్వను."

"ఇంకో ఇంట్లో అడుగు."

షబీనా వచ్చింది. సూది అడిగితే ఆ ఇంటావిడ చెవులు మూసుకుందట. చిన్నవాళ్లలో ఒకడు తోడు కోసం తీసుకెళ్లిన గిన్నె ఖాళీగా ఊపుకుంటూ వచ్చాడు. నేను వాళ్లను వింటూనే ఆరాధన కోసం చూస్తున్నాను. ఆమె శశికళ గుమ్మం ముందు నిలబడి ఉంది. పెదాలు కదిలాయి. శశికళ తల అడ్డంగా ఊపి తలుపు సగం దగ్గరికి వేసింది. పిల్ల పక్కింటికి వెళ్లింది. అక్కడా తల అడ్డంగానే ఊగింది. తర్వాతి ఇంట్లో ఎవరో లోపలి నుంచే ఏదో అన్నారు. పిల్ల భుజాలు చెవుల దాకా లేచిపోయాయి.

నా ఛాతీలో ఎడమవైపు పట్టేసింది. మా పేర్లు వినగానే సగం మూసుకునే తలుపుల్ని నేను చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. మైదుకూరు దగ్గర మా పాలెం నుంచి ఊళ్లోకి వెళితే అరుగు కింద నిలబడి మాట్లాడేవాళ్లం. చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం, కొత్త కాలనీలో కొత్త ఇళ్ల మధ్యకు వచ్చాం. మారిందనుకున్నాను. పిల్లను నేనే చేయి పట్టుకుని ఆ తలుపుల ముందుకు పంపానే అనుకున్నాను. కేశవకు, షబీనాకు కూడా ఎవరూ ఇవ్వలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. దెబ్బ తగిలినవాడికి తన దెబ్బే కనబడుతుంది.

అప్పుడు శశికళ కేశవ రెక్క పట్టుకుని మా మెట్ల దగ్గరికి వచ్చింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చేతిలో నా చీటీ ఉంది.

"ఏం సారూ ఇది?"

"పిల్లల ఆటమ్మా."

"ఆటనా? ఈ పొద్దు శుక్రవారం. రేపు అమాస. దీపాలు పెట్టే యాళ. ఉప్పు, మిరపకాయ, చీపురు పుల్ల, ఎర్రదారం. ఇంటింటి నుంచీ తెమ్మంటిరి. చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి, ఇది చూస్తే ఏమనుకుంటారు ఎవురైనా?"

చీటీ నా ముందు పెట్టింది. నా చేతిరాతే. కానీ ఆమె కళ్లతో చదివితే అది వేరే కాగితంలా ఉంది.

"దిష్టి తీసే వస్తువులు..." అన్నాను.

"దిష్టికైతే సొంతింటివి తీస్తారు. ఊరందరివీ పోగు చేసేది వేరే పనికి. మా అత్త లోపల వణుకుతాంది, ఈ సారు ఎవురికి ఏం పెడతాండాడని."

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"దీపం పెట్టినంక ఉప్పు ఇయ్యరని తెలియదా? తోడు ఇయ్యరు. చీపురు పుల్ల ఇయ్యరు. సూది అయితే పేరు గూడా ఎత్తరు. ఇయ్యగూడనివన్నీ ఏరి ఏరి రాసినారే. మీ ఇంట్లో ఆడోళ్లు చెప్పలేదా..." అని, మా ఇంట్లో ఆడవాళ్లు లేరని గుర్తొచ్చి ఆగిపోయింది.

నిజమే, కృపమణి ఉంటే చీటీ చూడగానే చింపేసేది. ఆమె నలుగురి మధ్య పెరిగింది, ఇవన్నీ తెలుసు. నేను పెరిగిన ఇంట్లో మా నాయన సంఘపెద్ద. ఇలాంటివన్నీ భయాలని, వాటిని పాటించినవాళ్లకు ప్రార్థనలో చోటు లేదని అనేవాడు. మా పాలెంలో ఉప్పుకు పగలూ రాత్రీ లేవు. పొద్దుగూకాక గోడ మీద నుంచి చేతులు చాపి ఉప్పు, నిప్పు తీసుకునేవాళ్లం.

గోడ అవతలి నుంచి ఖాజాబీ అందుకుంది. "మేం గూడా ఇయ్యం సారూ. మగ్రిబ్ నమాజు అయినంక ఉప్పు ఇయ్యొద్దని మా అమ్మ చెప్పిపోయింది."

"మీ ఇంట్లో గూడా లచ్చిమి ఉండాదా ఖాజాబీ?" అంది శశికళ, కోపంలోనే.

"మేం బర్కత్ అంటాం. పేరేదైతే ఏమి, పోతే పోయినట్టే గదా."

శశికళకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "పిల్లలకు తెలియదు సరే. పెద్దోళ్లు చూసుకోవల్ల గదా సారూ," అని కేశవను లాక్కుని వెళ్లిపోయింది. ఒక్కొక్క ఇంట్లోంచీ పిల్లల పేర్లు పిలవడం వినిపించింది. కాసేపట్లో వీధి ఖాళీ అయింది. మజ్జిగ కుండ మూత తీయకుండానే ఉంది.

నేను మెట్టు మీదే ఉండిపోయాను. లేవలేకపోయాను. అడగడానికి నోరు రాని ఇళ్లలో ఇంక అడిగే మొహం కూడా లేకుండా చేసుకున్నాను. ఇప్పుడు వెళ్లి, సోమవారం నుంచి నా పిల్లను పెట్టుకోండమ్మా అంటే, ఆ చీటీ రాసినవాడి పిల్లనా అంటారు. ఎల్లుండి లేవి వస్తాడు. పిల్ల ఏడవదు, పెట్టె పట్టుకుని ఎక్కి కూర్చుంటుంది. అక్కడ అన్నం మానేస్తే ఈసారి వెళ్లి తెచ్చుకోవడానికి నేను ఉంటానో లేదో. ప్రభువా, ఏదైనా ఒక్క తలుపు, అనుకున్నాను. అంతకు మించి ప్రార్థన రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆరాధన ఇంకా ఇంటికి రాలేదు.

వీధి చివర మగ్గం ఇల్లు. రామలింగప్ప, చౌడమ్మ ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు. ముందుగదిలో మగ్గం, వెనక గదిలో సంసారం. చౌడమ్మ నోరంటే వీధికంతా భయం. ట్యాంకరు దగ్గర ఆమె బిందెను ఒకసారి నేను పొరపాటున జరిపితే, నా చదువు, నా వయసు, నా పంచె అన్నిటినీ కలిపి తిట్టింది. నా మనసులో అనుకున్న ఇళ్ల వరుసలో ఆ ఇల్లు లేదు.

ఆరాధన ఆ గుమ్మం ముందు నిలబడి ఉంది. గూట్లో దీపం వెలుగుతోంది. చౌడమ్మ గడప లోపల నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"మళ్లా చెప్తాండా, ఇయ్యను. పో ఇంటికి."

పిల్ల కదల్లేదు.

"చెవుడా నీకు?"

"ఉప్పు," అంది ఆరాధన. చిన్న గొంతు, కానీ నాకు వినబడింది.

"ఈ యాళప్పుడు ఆ మాట అనగూడదే."

లోపల మగ్గం చప్పుడు ఆగింది. "ఎవురే?" అన్నాడు రామలింగప్ప.

"సారు మనవరాలు. పొమ్మంటే పోలేదు."

"ఏం గావాలంట?"

"ఇంగేం గావాల్న. ఆ చీటీలోదే."

"ఇయ్యగూడదు గదా."

"అదే గదా నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటాండేది. నీకు మగ్గం మోతలో ఏం వినపడతాది."

నేను దగ్గరికి వెళ్లాను. "రా అమ్మా ఆరాధనా, ఆట అయిపోయింది. ఇంటికి పోదాం."

పిల్ల వెనక్కి తిరగలేదు. "అడిగితే ఇస్తారంటివి తాతా. అందరినీ అడిగినా."

అన్ని గుమ్మాల్లోనూ ఆమె అడిగింది. నోరు తెరిచి, ప్రతి ఇంట్లోనూ. ఆమె గొంతు బయటివాళ్లు విని ఎన్నేళ్లయిందో. నాకు దానికి సంతోషించే తీరిక కూడా లేకపోయింది.

"తప్పు నాదమ్మా చౌడమ్మా," అన్నాను. "తెలియక రాశాను. క్షమించు."

"నీకు తెలియదు, సరే. పిల్లను మాపటేళ గుమ్మాలెంబడి అడుక్కోను తిప్పుతావా? ఇదేం ఆటప్పా?" అని, పిల్ల వైపు తిరిగింది. "ఏం తిన్నావే పొద్దున్నుంచి?"

ఆట ఉందని ఆత్రంలో పిల్ల మధ్యాహ్నం రెండు ముద్దలే తిన్నది.

మగ్గం గుంతలోంచి రామలింగప్ప గొంతు వచ్చింది. "ఇంట్లో పిల్ల తనే తీసుకుంటే ఇచ్చినట్టు కాదు గదా?"

"ఇది ఇంట్లో పిల్లనా?"

"అన్నం పెట్టు. పెద్దకోడలు వచ్చిన మొదటి పూట అట్లనే చేస్తివి. మన అన్నం తిన్నాకనే జాడీ ముట్టుకోనిస్తివి. తిన్నాక మనదే."

చౌడమ్మ చూపు నా మీద ఆగింది. అది దేని గురించో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కోడలి సంగతి వేరు, ఈ పిల్ల సంగతి వేరు. ఈ ప్రాంతంలో అలాంటి చూపుకు మావాళ్లు కళ్లు దించుకుంటారు. నేనూ దించుకున్నాను. మగ్గం మళ్లీ మొదలుకాలేదు. రామలింగప్ప కూడా ఎదురుచూస్తున్నాడు.

"చెప్పులు ఈడ ఇడువు," అంది చౌడమ్మ. "కాళ్లు కడుక్కో. మడమల కాడ గూడా. ఆ దుమ్ముతో నా ఇంట్లోకి వచ్చేవు."

చెంబుతో నీళ్లు తనే పోసింది. శనివారం ట్యాంకరు వచ్చేదాకా తొట్టిలో మిగిలిన నీళ్లు అవి. పిల్ల ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంది. గడప దాటి లోపలికి వెళ్తుంటే వెనక నుంచి చూశాను. భుజాలు దిగి ఉన్నాయి.

నేను బయట కట్ట మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు, నేనూ ఆశించలేదు. మగ్గం మళ్లీ ఆడింది. పళ్లెం చప్పుడైంది. చౌడమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "సంగటి నమలగూడదే, మింగల్ల. ఎవురు నేర్పిచ్చినారు నీకు? ఇంగో ముద్ద. వద్దనగూడదు, వద్దంటే మొదటి నుంచి మళ్లా తినాల." పాస్టరుగారింట్లో అందరూ ఎంతో మెత్తగా మాట్లాడారు. అక్కడ ఈ పిల్ల నీళ్లు కూడా ముట్టలేదు.

కాసేపటికి ఆరాధన గుమ్మం వైపు వచ్చింది. పిడికిలి మూసి ఉంది. మొహమంతా వెలుగు.

"తాతా, నేనే తీసుకున్నా. జాడీలోంచి."

చౌడమ్మ వెనక నుంచి జబ్బ పట్టుకుంది. "యాడికి?"

"తాతకు చూపించల్ల."

"గడప దాటనియ్యను. ఇంట్లో ఉండేంత వరకే నువ్వు తీసుకున్నట్టు. దాటితే నేను బయటికి ఇచ్చినట్టే. తెల్లారి పొద్దు పొడిచినంక తీసుకపో."

ఇప్పుడు పిల్ల ఉప్పు జారవిడిచి నా దగ్గరికి వచ్చేస్తుంది, ఇంతటితో అయిపోయింది అనుకున్నాను. ఈ ఐదేళ్లలో నా పక్కన కాక ఇంకెక్కడా ఆమె ఇష్టపడి పడుకోలేదు. హాస్టల్లో రాత్రంతా కూర్చునే ఉండేదట.

ఆరాధన గడప వైపు చూసింది. పిడికిలి వైపు చూసింది.

"నువ్వు పో తాతా," అంది. "నేను ఈడనే పండుకుంటా. లేకుంటే ఇంకెవురైనా గెలుస్తారు."

"పక్క గుడ్డలు తీసుకురానా?"

"మా ఇంట్లో గుడ్డలు లేవా?" అంది చౌడమ్మ. "నేసేవాళ్లమప్పా మేము."

తెల్లవారగానే వెళ్లాను. చౌడమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నన్ను చూసి చుక్కలు పెట్టడం ఆపలేదు. తలుపు తెరిచే ఉంది. మగ్గం పక్కన చాప మీద పిల్ల ఒక చేయి చాచి నిద్రపోతోంది. రెండో చేయి పిడికిలి. రాత్రంతా విప్పలేదేమో.

అప్పుడు చెప్పాను. గుండె గురించి, సోమవారం గురించి, కడప గురించి. ముగ్గు వేస్తున్న మనిషి వీపుతో మాట్లాడటం తేలికగా ఉంది. ఒక్కసారి మొదలుపెట్టాక అంతా చెప్పేశాను.

"ఎన్ని దినాలు?" అంది.

"చెప్పలేమన్నారు."

"బతుకుతావా?"

"అదీ చెప్పలేదు."

ఆమె ముగ్గు చిప్ప పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఇది అడిగేదానికా సారూ, వీధినంతా బెదరగొడితివి?"

"అడగడానికి నోరు రాలేదమ్మా."

"పిల్ల మాట్లాడదంటారు. మాట్లాడంది నువ్వు." చేతులకు అంటిన ముగ్గు దులుపుకుంది. "నేను పెద్ద మాటలు చెప్పలేను. మేము తినేదే పెడతా. తప్పు చేస్తే తిడతా. మగ్గం ఆగిన నెలలో ఇంట్లో ఏముంటే అదే. రేపు మీ అల్లుడు వస్తే నాతో తగువుకు రాకుండా నువ్వే చెప్పుకో. నువ్వు తిరిగి రాకుంటే ఏం చేయల్లనో..." అని ఆగింది. "అది ఇప్పుడు నన్ను అడగొద్దు. నాకు తెలియదు."

నేనూ అడగలేదు. అబద్ధం చెప్పనందుకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. లేవికి ఏం చెప్పాలో, అతను వింటాడో లేదో ఇంకా తెలియదు. సోమవారం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఛాతీలో బరువూ ఉంది. కానీ నిన్న సాయంత్రం మెట్టు మీద నుంచి లేవలేకపోయిన మనిషిని, ఇప్పుడు నిలబడి ఉన్నాను.

ఎండ గడప మీద పడింది. లోపల పిల్ల లేచి, ఎండను చూసి, జుట్టు కూడా సరిచేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. గడప దగ్గర ఆగి చౌడమ్మ మొహం చూసింది. చౌడమ్మ తల ఊపింది. అప్పుడు దాటింది. నా ముందు పిడికిలి విప్పింది. చెమటకు సగం కరిగిపోయి, అరచేతిలో నాలుగు ఉప్పుకళ్లు మిగిలాయి.

నాకివ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చేయి వెనక్కి తీసుకుంది.

"తాతా, ఒగ మాట. సొంత ఇంట్లోంచి తేగూడదంటివి గదా."

"అవును."

"మగ్గం తాతప్ప చెప్పినాడు, అన్నం తింటే నేను ఈ ఇంటి పిల్లేనంట. మరి ఇది లెక్కకొస్తాదా?"

మగ్గం చప్పుడు ఆగింది. చౌడమ్మ నా మొహంలోకి చూస్తోంది.

"రాదమ్మా," అన్నాను. "నువ్వు ఓడిపోయావు."